కారు లేకుండా, ఒక్కరే సిడ్నీ చూడాలంటే: శుక్రవారం లెక్క, పట్టాల పనులు, ఇంకొన్ని జాగ్రత్తలు

సిడ్నీ ప్లాన్ వేసేటప్పుడు నేను ముందు చూసేది ఆ వారంలో శుక్రవారం ఎప్పుడొస్తుందో. హోటలూ టికెట్లూ ఆ తర్వాతే.

కారణం ఛార్జీల లెక్క. సిడ్నీలో రైలు, మెట్రో, బస్సు, ఫెర్రీ, లైట్ రైల్ అన్నిటికీ ఒకటే కార్డు, ఒకటే ఖాతా. రోజంతా ఎన్నిసార్లు ఎక్కి దిగినా ఒక హద్దు దాటి డబ్బు కట్ అవదు. 2025 జూలై నుంచి ఆ హద్దు సోమవారం నుంచి గురువారం దాకా రోజుకు 19.30 డాలర్లు. శుక్ర, శని, ఆదివారాల్లో, ప్రభుత్వ సెలవుల్లో అందులో సగం, 9.65. సోమవారం నుంచి ఆదివారం దాకా మొత్తం వారానికి 50. జూలై వస్తే ఈ అంకెలు కాస్త పెరుగుతుంటాయి, వెళ్లే ముందు ఒకసారి చూసుకోండి. ఇక్కడ రోజు అంటే తెల్లవారుజామున 4 నుంచి మర్నాడు 4 దాకా.

ఈ హద్దు ఊరి లోపలికే పరిమితం కాదు. బ్లూ మౌంటెన్స్, దక్షిణ తీరంలో కియామా, ఉత్తరాన న్యూకాసిల్ కూడా ఇందులోకే వస్తాయి. రెండు గంటలు రైల్లో వెళ్లి, అక్కడ లోకల్ బస్సెక్కి, సాయంత్రం వెనక్కొచ్చి, రాత్రి హార్బర్‌లో ఫెర్రీ ఎక్కినా శుక్రవారమైతే పది డాలర్లలోపే. మంగళవారం అదే తిరుగుడుకి రెట్టింపు.

మరి ఆదివారం కూడా అదే రేటు కదా అంటే, రేటు అదే, రైలే ఉండకపోవచ్చు. పట్టాల మరమ్మతులు ఎక్కువగా శని, ఆదివారాల్లో పెట్టుకుంటారు. అప్పుడు రైలు బదులు బస్సులు వేస్తారు. బ్లూ మౌంటెన్స్‌లోని కటూంబా ఊరికి రెండు గంటల ప్రయాణం మూడు గంటలు దాటడానికి అదొక్కటి చాలు. శుక్రవారం ఛార్జీ సగం, పట్టాల పనులు తక్కువ, కొండమీద జనమూ తక్కువే. అందుకే దూరం వెళ్లే పెద్ద రోజు శుక్రవారానికి, తీరం వెంబడి రోజు శనివారానికో ఆదివారానికో, ఊరు లోపలి నడకలు సోమవారం నుంచి గురువారం దాకా. శని, ఆదివారాలకు ముందురోజు రాత్రి ట్రిప్ ప్లానర్‌లో మీ లైను పేరు కొట్టి, 'ట్రాక్‌వర్క్' అని ఉందేమో తప్పకుండా చూడాలి.

కార్డు సంగతి. ఓపల్ కార్డు (అక్కడి ప్రయాణ కార్డు) కొనక్కర్లేదు, కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు నేరుగా గేటు దగ్గర ఆనిస్తే చాలు, పెద్దవాళ్లకు ఛార్జీలూ హద్దులూ అవే. కానీ మన కార్డులతో రెండు చిక్కులున్నాయి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మన దగ్గర ఇచ్చే కార్డుల్లో విదేశీ వాడకం మొదట ఆపేసి ఉంటుంది, ఇంటి దగ్గరే బ్యాంకు యాప్‌లోకి వెళ్లి అంతర్జాతీయ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోవాలి. వీసా, మాస్టర్‌కార్డ్, అమెక్స్ పనిచేస్తాయి, రూపే మీద ఆశ పెట్టుకోవద్దు. రెండోది మార్కప్, అంటే విదేశీ చెల్లింపు మీద బ్యాంకు అదనంగా వేసే రుసుము. చాలా క్రెడిట్ కార్డుల మీద 3.5 శాతం దాకా, దానిమీద జీఎస్టీ. ఫారెక్స్ కార్డో, మార్కప్ లేని కార్డో ఉంటే దాన్నే వాడండి. ఇంకో మాట: పొద్దున ప్లాస్టిక్ కార్డు, సాయంత్రం ఫోన్‌లో ఉన్న అదే కార్డు ఆనిస్తే వ్యవస్థ దృష్టిలో ఇద్దరు మనుషులు, రెండు వేర్వేరు లెక్కలు. రోజంతా ఒకటే వాడాలి.

దిగేటప్పుడు కూడా ఆనించాలి. సెంట్రల్, టౌన్‌హాల్ లాంటి చోట్ల గేట్లుంటాయి కాబట్టి మర్చిపోరు. కొండ మీద, తీరం వెంబడి ఉన్న చిన్న స్టేషన్లలో గేట్లుండవు, ప్లాట్‌ఫాం మీద ఒక స్తంభానికి రీడర్ ఉంటుంది, అంతే. చూస్తూ చూస్తూ దాటిపోతాం, గరిష్ఠ ఛార్జీ పడుతుంది.

ఎయిర్‌పోర్టు స్టేషన్లకు మాత్రం ఈ సుఖం లేదు. డొమెస్టిక్, ఇంటర్నేషనల్ స్టేషన్లలో ఎక్కినా దిగినా 17 డాలర్లకు పైగా ప్రవేశ రుసుము విడిగా పడుతుంది, అది రోజువారీ హద్దులోకి రాదు. దాన్ని తప్పించుకోవాలంటే 420 నంబరు బస్సు టెర్మినల్ ముందు ఎక్కి, మాస్కాట్ స్టేషన్ దగ్గర దిగి రైలు పట్టుకోవాలి. మాస్కాట్ అదే లైన్లో పక్క స్టేషనే, అక్కడ ఆ రుసుము లేదు. రాత్రంతా విమానంలో కూర్చుని, పెద్ద సూట్‌కేసుతో దిగితే ఆ డబ్బులు కట్టేసి రైలెక్కడమే నయం. తిరుగు ప్రయాణంలో తీరిగ్గా ఉంటే బస్సు చూసుకోవచ్చు. బస్సు దానంతటది ఆగదు, నంబరు కనపడగానే చెయ్యెత్తాలి.

విమానం దిగేలోపు నింపే పత్రం గురించి మనవాళ్లు పడే భయంలో సగం అనవసరం, సగం న్యాయం. సూట్‌కేసులో తినే వస్తువు ఏదున్నా 'ఉంది' అని టిక్ పెట్టాలి. చూపించినందుకు జరిమానా లేదు, మహా అయితే తీసి పారేస్తారు. దాచితే వేల డాలర్ల దాకా పోవచ్చు, వీసా కూడా రద్దవ్వచ్చు. కంపెనీ ప్యాకెట్లో సీలు మీదున్న పచ్చళ్లు, పొడులు మామూలుగా ఇబ్బంది పెట్టవు. పాలతో చేసిన స్వీట్లు, ఇంటి నెయ్యి వద్దు: గాలికుంటు వ్యాధి ఉన్న దేశాల పాల పదార్థాలను రానివ్వరు. పచ్చి కరివేపాకు అసలు పెట్టుకోవద్దు. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు కరివేప చెట్టు మీద కూడా బతుకుతుంది, అందుకే అక్కడ దానిమీద అంత పట్టింపు. ఇక్కడే వీసా మాట కూడా: మన పాస్‌పోర్టుకు ఈటీఏ (సులువుగా దొరికే ఎలక్ట్రానిక్ అనుమతి) సౌకర్యం లేదు, 600 సబ్‌క్లాస్ విజిటర్ వీసాకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి.

ఫోన్: ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరు చివరికి 3జీ పూర్తిగా ఆపేశారు. 4జీ మీద అత్యవసర నంబరు 000కి కాల్ చేయలేని ఫోన్లను అక్కడి కంపెనీలు నెట్‌వర్క్‌లోకి రానివ్వకూడదని నిబంధన. పాత ఫోన్లకు, ఇండియాలో కొన్న కొన్ని మోడళ్లకు ఇది తగులుతుంది. సిమ్ కొనేముందు మీ మోడల్ చెల్లుతుందో లేదో ఆ కంపెనీ సైట్లో చూసుకోండి. కొండల్లోకి వెళ్లేవాళ్లకు టెల్‌స్ట్రా, లేదా దాని పూర్తి నెట్‌వర్క్ మీద నడిచే బూస్ట్ మేలు. ఛార్జరుకి అడాప్టర్ చాలు, వోల్టేజి మనలాగే 230. మన ప్లగ్గు మాత్రం ఆ సాకెట్లో పట్టదు.

ఎక్కడ దిగాలి? ఒక్కరే వచ్చేవాళ్లు చాలామంది సెంట్రల్ స్టేషన్ దగ్గర హాస్టళ్లు చూస్తారు, తప్పేం లేదు. నా ఓటు సిడ్నీ పడమటి వైపున్న పరమట్టాకి. అక్కడినుంచి సెంట్రల్‌కి వేగంగా వెళ్లే రైల్లో అరగంటలోపు, బ్లూ మౌంటెన్స్ రైలు పరమట్టాలోనే ఆగుతుంది కాబట్టి కొండకెళ్లే రోజు ఆ అరగంట కలిసొస్తుంది. నడిచి వెళ్లే దూరంలో హారిస్ పార్క్, విగ్రమ్ స్ట్రీట్ నిండా మన హోటళ్లే. అక్కడ ఉత్తరాది రుచి ఎక్కువ. తెలుగువాళ్ల ఇళ్లు, కొట్లు ఇంకొంచెం పడమరగా వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్, పెండిల్ హిల్ వైపు. పరమట్టా నుంచి నదిమీద సర్క్యులర్ కీ (ఒపేరా హౌస్ పక్కనున్న ఫెర్రీల రేవు) దాకా ఎఫ్3 ఫెర్రీ కూడా ఉంది. గంట పైనే పడుతుంది, కానీ వంతెన కిందనుంచి హార్బర్లోకి ప్రవేశిస్తారు. విడిగా క్రూజ్ టికెట్ కొనడం నా దృష్టిలో దండగ.

మాన్లీ బీచికి కూడా ప్రభుత్వ ఫెర్రీనే ఎక్కండి: ఎఫ్1, సర్క్యులర్ కీలో మూడో నంబరు వార్ఫ్, అరగంట. అదే దారిలో ప్రైవేటు వేగ ఫెర్రీలున్నాయి, అక్కడా కార్డు ఆనించవచ్చు, కానీ ఆ డబ్బు హద్దులో కలవదు. తేడా తెలియక ఎక్కేవాళ్లు రోజూ ఉంటారు.

ఊరు లోపలి నడకల్లో రెండు చిట్కాలు. హార్బర్ బ్రిడ్జిని (1932లో తెరిచారు) ఉత్తరం నుంచి దక్షిణానికి దాటండి: రైల్లో మిల్సన్స్ పాయింట్‌లో దిగి, తూర్పు పక్క కాలిబాట ఎక్కి రాక్స్ వైపు నడిస్తే ఒపేరా హౌస్ మీ ఎడమచేతి వైపు దారంతా కనిపిస్తుంది. పైసా ఖర్చు లేదు. ఒపేరా హౌస్, వంతెన రెండూ ఒకే ఫోటోలో కావాలంటే బొటానిక్ గార్డెన్ చివరనున్న మిసెస్ మక్వారీస్ చెయిర్. అందరూ సూర్యాస్తమయానికి వెళ్తారు, అప్పుడు ఎండ ఎదురొచ్చి కట్టడాలు నల్లగా పడతాయి. ఒపేరా హౌస్ మీది పది లక్షల పైచిలుకు టైల్స్ తెల్లగా మెరవాలంటే పొద్దున పోవాలి, అప్పుడు సూర్యుడు మీ వెనక ఉంటాడు.

బోండై నుంచి కూజీ దాకా కొండ అంచు నడక 6 కిలోమీటర్లు. సర్క్యులర్ కీ నుంచి 333 బస్సు. నడక గురించి అందరూ చెబుతారు, నేను నీళ్ల గురించి చెబుతాను. బోండై దక్షిణ కొసన దాదాపు ఎప్పుడూ ఉండే ఒక రిప్ ప్రవాహం ఉంది, దానికి 'బ్యాక్‌ప్యాకర్స్ రిప్' అని పేరు. బస్సు దిగి వచ్చేవాళ్లకు దగ్గర కాబట్టి కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. రిప్ చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది. పక్కన అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ ముదురు రంగులో, నురగ లేకుండా కనిపిస్తుంది. ఒడ్డుకొచ్చిన నీళ్లు వెనక్కి పోయే కాలువ అది, అక్కడ లోతుంటుంది కాబట్టి అల విరగదు. అలలు లేవు కదా అని మనం అక్కడే కాలు పెడతాం. ఎరుపు, పసుపు జెండాల మధ్య తప్ప దిగొద్దు. లాగేస్తే ఎదురీదొద్దు, వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి ఊపాలి. రిప్ లోపలికి లాగుతుంది, కిందికి లాగదు, మునిగేది ఎదురీది అలిసిపోయినవాళ్లే. ఈత రాకపోతే జెండాల మధ్య కూడా మోకాళ్లు దాటొద్దు, పైగా ఒంటరిగా వెళ్లినప్పుడు మీరు కనపడటం లేదని గమనించే మనిషి పక్కన ఉండరు. ఈశాన్యం గాలి వీచిన రోజుల్లో బ్లూబాటిల్స్ (జెల్లీఫిష్ లాంటి, కుట్టే సముద్ర జీవులు) ఒడ్డుకొస్తాయి. కుడితే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లు పోయాలి, లైఫ్‌గార్డుల దగ్గరికి వెళ్తే చూస్తారు. నల్లటి ఒంటికి సన్‌స్క్రీన్ ఎందుకనుకోవద్దు, మబ్బున్నా యూవీ దెబ్బ తగలొచ్చక్కడ.

ఇక శుక్రవారం. సెంట్రల్ నుంచి కటూంబాకి సుమారు గంటకో రైలు, రెండు గంటలు. అందరూ కటూంబాలో దిగి 686 బస్సెక్కి ఎకో పాయింట్‌కి వెళ్లి, త్రీ సిస్టర్స్ అనే మూడు రాతి శిఖరాల ముందు ఫోటో దిగి, పదకొండుకల్లా ఇంకేం చేయాలని చూస్తారు. అంతకుముందు స్టేషన్ ల్యూరాలో దిగండి. ల్యూరా మాల్ వీధిలోంచి కిందికి నడిస్తే ల్యూరా కాస్కేడ్స్, అక్కడినుంచి ప్రిన్స్ హెన్రీ క్లిఫ్ వాక్ పట్టుకుంటే కొండ అంచు వెంబడే ఎకో పాయింట్‌కి చేరతారు. మెట్లు ఎక్కడం దిగడం ఉంటుంది, ఆగి చూసుకుంటూ వెళ్తే రెండు మూడు గంటలు. దారి పొడవునా జామిసన్ లోయ కనపడుతూనే ఉంటుంది, ఎకో పాయింట్ గుంపు ఉండదు. ఇంకో లాభం: చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పొద్దున త్రీ సిస్టర్స్‌కి వెనకనుంచి ఎండ, మధ్యాహ్నం తర్వాత రాయి రంగు తేలుతుంది. మూడు శిఖరాల్లో పెద్దది 922 మీటర్లు. కటూంబా ఊరే వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది, సిడ్నీలో చొక్కా సరిపోయిన రోజు ఇక్కడ స్వెట్టరు కావాలి. లోయ నిండా మేఘం దిగితే ఎదురుగా తెల్ల గోడ తప్ప ఏమీ కనపడదు, రైలెక్కేముందు ఎకో పాయింట్ వెబ్‌క్యామ్ చూడటం అలవాటు చేసుకోండి. మేఘం పట్టి ఉంటే ఆ రోజు ఊళ్లోనే ఉండి శనివారానికి మార్చుకోండి, పట్టాల పనులు లేకపోతే.

లోయలోకి దిగే మెట్ల దారులు తరచూ మూసేస్తుంటారు. వానలు పడ్డాక కొండచరియలు జారతాయి. 2022 ఏప్రిల్‌లో వెంట్‌వర్త్ పాస్ దగ్గర అలా రాళ్లు పడి ఇద్దరు చనిపోయారు. గూగుల్ మ్యాపుల్లో దారి కనపడిందంటే తెరిచుందని అర్థం కాదు, నేషనల్ పార్క్స్ సైట్లో ఆ రోజు హెచ్చరికలు చూసి బయల్దేరాలి. కంచె దాటి వెళ్లేవాళ్ల వెనక పోవద్దు.

ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇక్కడ ఒక మంచి సౌకర్యం ఉంది, మనవాళ్లకు అంతగా తెలియదు. లోయలో సిగ్నల్ ఉండదు కాబట్టి, శాటిలైట్‌కి సంకేతం పంపే పీఎల్‌బీ పరికరాన్ని పోలీసులు, నేషనల్ పార్క్స్ వాళ్లు వాడుకుని తిరిగివ్వడానికి ఉచితంగా ఇస్తారు. కటూంబా పోలీస్ స్టేషన్లోనూ, బ్లాక్‌హీత్‌లోని పార్కు కేంద్రంలోనూ అడగొచ్చు. దాంతోపాటు ఆన్‌లైన్‌లో ట్రిప్ ఫారం నింపాలి: ఏ దారిలో వెళ్తున్నారు, ఎప్పటికి వస్తారు, రాకపోతే ఎవరికి చెప్పాలి. కొండ అంచున జనం నడిచే దారికి ఇదంతా అక్కర్లేదు. లోయలోకి దిగితే మాత్రం తీసుకోండి. 'ఎమర్జెన్సీ ప్లస్' యాప్ కూడా వేసుకోండి, 000కి కాల్ చేసినప్పుడు మీరున్న చోటు అక్షాంశ రేఖాంశాలతో చూపిస్తుంది.

కటూంబాలో లోయలోకి దిగే సీనిక్ వరల్డ్ రైలు వాలు 52 డిగ్రీలు, బొగ్గు గనుల కాలం నాటి దారి. బాగుంటుంది, కానీ దూరం 310 మీటర్లే, రోజు పాసు 50 డాలర్లు దాటుతుంది. మెట్ల దారులు మూసినప్పుడు లోయ అడుగు చూడాలంటే అదే గతి, అప్పుడు డబ్బుకి న్యాయం జరిగినట్టే. తెరిచి ఉండి మోకాళ్లు సహకరిస్తే అక్కర్లేదు. భోజనం మూడింటిలోపు కానిచ్చేయండి, కొండ మీద కేఫ్‌లు చాలావరకు ఆ వేళకి కుర్చీలు ఎత్తేస్తాయి. సిడ్నీలో కూడా దుకాణాలు ఐదారింటికి మూస్తారు, గురువారం ఒక్కరోజే రాత్రి తొమ్మిది దాకా.

వారాంతానికి దక్షిణ తీరం. హెలెన్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి గుడి 1985లో కట్టింది, శివుడికీ అదే ప్రాంగణంలో సన్నిధి ఉంది. ఇక్కడికి శని, ఆదివారాల్లోనే వెళ్లాలి, దోశలూ ఇడ్లీలూ దొరికే క్యాంటీన్ ఆ రోజుల్లోనే తెరుస్తారు. పెద్ద చిక్కు స్టేషన్. రైళ్లన్నీ ఆగవు, యాప్‌లో స్టేషన్ పేరు చూసే ఎక్కాలి. స్టేషన్ ఊరికి దిగువన చెట్ల మధ్య ఉంటుంది, గుడి అక్కడికి సుమారు మూడు కిలోమీటర్లు, మొదట ఎక్కుడు. ఊబర్ దొరుకుతుందన్న నమ్మకం లేదు, ముప్పావు గంట నడక అనుకునే బయల్దేరండి. వచ్చేటప్పుడు గుళ్లో కార్లలో వచ్చిన తెలుగువాళ్లు ఎవరో ఒకరు స్టేషన్ దాకా దింపుతామంటారు, మొహమాటపడొద్దు.

అదే లైన్లో కిందికి వెళ్తే కోల్‌క్లిఫ్. దిగి రోడ్డు పట్టుకుంటే సీ క్లిఫ్ బ్రిడ్జి వస్తుంది. కొండ కింద ఉన్న పాత రోడ్డు మీద రాళ్లు పడుతుంటే, 2005లో రోడ్డునే సముద్రం మీదికి జరిపి 665 మీటర్ల వంతెనగా కట్టారు. కాలిబాట సముద్రం వైపే ఉంటుంది. దాటుకుంటూ స్కార్బరో స్టేషన్ దాకా నడిచి అక్కడ రైలెక్కితే వెనక్కి నడవక్కర్లేదు. ఓపికుంటే ఇంకా దక్షిణానికి, లైను చివరికి దగ్గర్లో కియామా. అక్కడి బ్లోహోల్ (అల కొట్టినప్పుడు నీళ్లు పైకి ఎగజిమ్మే రాతి బొక్క) అలలొచ్చే దిక్కును బట్టి పనిచేస్తుంది: ఆగ్నేయం నుంచి అలలొస్తేనే పెద్దది ఎగజిమ్ముతుంది, ఈశాన్యం నుంచి వస్తే ఊరి దక్షిణాన ఉన్న చిన్న బ్లోహోల్ బాగుంటుంది. సముద్రం నిద్రపోతున్న రోజు రెండిట్లోనూ గుడగుడ తప్ప ఏమీ ఉండదు, అలాంటప్పుడు కియామా టైం కూడా ఆ వంతెన మీదే గడిపేయండి.